ఒక్క తలకాయలో ఉంచొద్దు

లింగమూర్తికి ఉన్నది ఒకటే పిచ్చి: ఎవరికి ఏది తెలిసినా అది ఇంకొకరికి నేర్పించి తీరాలి. హైటెక్ సిటీ ఆఫీసుల్లో దీన్ని కేటీ అంటారు. మిగతా మేనేజర్లు ఉద్యోగం వదిలిపోయేవాళ్లచేత కేటీ ఇప్పిస్తారు. ఈయన టీ కాచే ఆంజనేయులునూ వదల్లేదు.

"అల్లం ఎంతేస్తవో సెక్యూరిటీకి చెప్పినవా?"

"చెప్పిన సార్. తలకాయ ఊపిండు."

"ఊపితె కాదు. మళ్ల ఆయనతోని చెప్పించు. పంపుడు ఒక్కటే కాదు, అందిందని జవాబు రావాలె."

నెట్‌వర్క్ మనిషి కదా, ఇంట్లో భార్య రత్నమాల అన్నం వడ్డించినా "అందింది" అనేవాడట! అందరూ నవ్వుకునేవారు. ఆయన టీములోని ఉమాశ్రీ మాత్రం భయపడేది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. కాకినాడ నుంచి వచ్చిన ఉమాశ్రీకి చందానగర్‌లో పూటకో పుకారు వినిపించేది: ఆంధ్రావాళ్లను తీసేస్తారట, పంపేస్తారట. భర్త పుణెలో పని మీద ఉన్నాడు. ఆమెకు నెలలు నిండుతున్నాయి. క్లయింటు లైను తెగితే రెండో దారిలో కలపడం ఆఫీసులో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ ఒక్కటీ దాచుకుంటే తన కుర్చీకి ఢోకా లేదని "రేపు చెబుతానండీ" అంటూ నెట్టుకొస్తోంది.

ఒకనాడు లింగమూర్తి పిలిచాడు. "ఇయ్యాల్నే సందీప్‌కు కేటీ ఇయ్యమ్మా. రేపటి సంది నువ్వు రావద్దు."

ఇక తన కుర్చీ పోయినట్టేననుకుంది ఉమాశ్రీ. అయినా సహోద్యోగి సందీప్‌కు అంతా నేర్పింది. సాయంత్రం తెగించి అడిగేసింది.

"మా వైపువాళ్లనే తీసేస్తున్నారాండీ?"

లింగమూర్తి బిత్తరపోయాడు. "ఎవలు చెప్పిన్రు? ఈ బంద్‌ల రోడ్డెక్కితె నీకేమన్న అయితదని పరేషాన్ అయితున్న. పని సందీప్ చూస్తడు, జీతం ఆగదు. లైనుకు రెండో దారి పెట్టినవు, మరి నీకేది?"

ఉమాశ్రీ సిగ్గుతో తల వంచుకుంది.

వారం తిరక్కుండా, బంద్ రోజునే నొప్పులు మొదలయ్యాయి. బిక్కచచ్చిపోయి ఆయనకే ఫోన్ చేసింది. కాసేపట్లో ఇంటి ముందు సందీప్ కారు, ఆంజనేయులు తమ్ముడి ఆటో, రత్నమాల స్కూటరు వచ్చి ఆగాయి. దవాఖానకు ఏ గల్లీలోంచి పోవాలో ముగ్గురికీ కంఠతా వచ్చు. వాళ్ల వెనకాల నల్లగండ్లలోని తన ఇంటి నుంచి చెమటలు కక్కుతూ, నడుచుకుంటూ లింగమూర్తి.

"ఇన్ని బళ్లుండగా నడిచొచ్చారేంటండీ?"

"మూడింటినీ ఆపేసిన్రనుకో. నడిచిపోయే దారి గూడ చూసి పెట్టాలె గద."

ఉమాశ్రీ నొప్పుల్లోనే ఫక్కున నవ్వి, రత్నమాల భుజం పట్టుకుని కారెక్కింది.