ఫస్ట్ మీ ఇంటికే వచ్చామండి

మా వీధిలో పిలుపులకి ‘ఫస్ట్’ అనే మాటను తెచ్చింది నేనే. ఈ విషయంలో ఎవరికీ వాటా ఇవ్వను. ఇప్పుడు రాజమండ్రిలో సగం మంది ఆడవాళ్ళు పరాయి గుమ్మాల్లో నిలబడి ఆ మాట అంటూ ఉండొచ్చు, తమకే తోచిందని మురిసిపోతూ ఉండొచ్చు. మురవనివ్వండి. మా వీధి వరకు అది నాది.

శుభలేఖలు ఫోన్‌లో వచ్చి పడుతున్న రోజులు కాబట్టి పిలుపుల సంగతి కాస్త చెప్పాలి. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఫోన్‌లో వచ్చింది పిలుపు కింద లెక్క కాదు. ఇద్దరు ఆడవాళ్ళు కుంకుమ భరిణ పట్టుకుని గుమ్మం ఎక్కి, ఆ ఇంటావిడకి బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి రమ్మంటేనే పిలిచినట్టు. లేకపోతే పెళ్ళికి రారు. వచ్చినా భోజనాల దగ్గర మొహం మాడ్చుకుని కూర్చుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు పెళ్ళివారింటి మనిషి, ఇంకొకరు తోడు వెళ్ళే మనిషి. భరిణ పట్టుకునేది తోడు మనిషి. ఎవరికి పడితే వాళ్ళకి ఆ భరిణ ఇవ్వరు. అది ఎవరి చేతిలో ఉందో చూసి, ఆ ఇంటికి ఎవరు బాగా కావలసినవాళ్ళో వీధి వీధంతా తేల్చేస్తుంది.

మా వదిన ఇంట్లో ఏ శుభకార్యమైనా భరిణ నా చేతిలోనే ఉండేది. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ ఆ ఇంటికి కాపురానికి వచ్చిన ఏడాదే నేను ఎదురు వరసలోకి కాపురానికి వచ్చాను. వాళ్ళది బట్టల కొట్టు, మాది స్టీలు సామాన్ల కొట్టు. నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అంటుంది. మా ఇద్దరి మధ్యా ‘నువ్వు’ తప్ప ‘మీరు’ లేదు. వాళ్ళ వంటింట్లో ఇంగువ డబ్బా ఎక్కడుంటుందో వాళ్ళాయనకి తెలియదు, నాకు తెలుసు.

వాళ్ళ మరిది పెళ్ళికి మొదటిసారి ఇద్దరం పిలుపులకి బయలుదేరాం. పెద్దవాళ్ళు ఎలా పిలవాలో నేర్పించి పంపారు. ప్రతి గుమ్మంలోనూ “మొదటి పిలుపు మీదేనండి” అనాలి. అందరూ అనేదే కాబట్టి ఎవరూ దాన్ని చెవిన వేసుకోరు, నమస్కారం అన్నట్టే ఉంటుంది. వీధి చివరి మేడలో ఒక పెద్దావిడ ఉండేది. పాత కోపం ఏదో మనసులో పెట్టుకుని కుర్చీలోంచి లేవలేదు, బొట్టు పెట్టించుకోవడానికి తల కూడా ఎత్తలేదు. వదిన నా వైపు చూసింది. నాకేం తోచిందో ఏమో, “ఫస్ట్ మీ ఇంటికే వచ్చామండి” అన్నాను. ఆవిడ తలెత్తింది. “అలాగా?” అంది. లేచింది, మమ్మల్ని కూర్చోబెట్టింది, కాఫీ పెట్టించింది, వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చింది.

ఎందుకలా అయిందని నేను చాలాసార్లు ఆలోచించాను. ‘మొదటి పిలుపు మీదే’ అంటే మర్యాద. ‘ఫస్ట్ మీకే’ అంటే ఎవరో అందరినీ వరసలో నిలబెట్టి, పరీక్ష పెట్టి, ఫలితం చెప్పినట్టు ఉంటుంది. ఫస్ట్ ర్యాంకు, ఫస్ట్ క్లాసు, ఫస్ట్ ప్రైజు అని వినీ వినీ ఆ మాటకి ఒక నిజం పట్టుకుంది. పైగా నాలాగా ఇంటర్ దాకా చదివి, ఏ ఒక్కదాంట్లోనూ ఫస్ట్ రాకుండా పెళ్ళి చేసుకుని వచ్చేసిన ఆడవాళ్ళే మా వీధి నిండా. వాళ్ళ గుమ్మంలో నిలబడి ఎవరైనా ఆ మాట అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ తర్వాత ఏ ఇంటికెళ్ళినా అదే మాట. మధ్యాహ్నం అయ్యేసరికి అందరూ ఫస్టే. తర్వాత ఇంకో పెళ్ళి పిలుపుల్లో ఒకసారి మటుకు దొరికిపోయాం. ఆ మేడ పెద్దావిడే, భరిణలోకి తొంగి చూసి, “ఫస్ట్ ఇల్లయితే కుంకుమ మధ్యలో ఈ గొయ్యేంటమ్మా?” అంది. పొద్దున్నుంచీ వదిన వేలు ముంచీ ముంచీ నిజంగానే గొయ్యి పడింది. వదిన బిగుసుకుపోయింది. “ఇంట్లో అమ్మవారికి పెట్టి బయలుదేరామండి” అన్నాను నేను. పెద్దావిడ నమ్మిందో లేదో గానీ కాఫీ మాత్రం ఇచ్చింది.

అప్పటినుంచి గేటు తీసే ముందు ఒక పని చేసేదాన్ని. శుభలేఖ అంచుతో కుంకుమ పైభాగం సాపు చేసేదాన్ని. మిఠాయి కొట్టువాడు పళ్ళెంలో మైసూర్‌పాకు సాపు చేసినట్టు, ఒక్క వేలి గుర్తు కూడా లేకుండా. తర్వాత చెంగుతో చెమట తుడుచుకునేవాళ్ళం. అప్పుడే ఇంట్లోంచి బయలుదేరినట్టు మొహాలు పెట్టేవాళ్ళం. సాయంత్రం వాళ్ళ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, “ఇవాళ ఎంతమందిని ఫస్ట్ చేశావే వదినా?” అని ఆవిడ అడిగితే, కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళం. అంత నవ్వు నేను నా పుట్టింట్లో కూడా నవ్వలేదు.

మా గృహప్రవేశానికి పిలుపులు మొదలుపెట్టిన రోజు, వదిన వాళ్ళ గుమ్మంలోనే నిలబడి సరదాకి “ఫస్ట్ మీ ఇంటికే వచ్చామండి” అన్నాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటేసింది. “ఛీ, ఆ మాట బయటివాళ్ళకే వదినా. మనకి కాదు” అని, భరిణ అందుకుని నాతో బయలుదేరింది. ఆ మాట నాకు ఫస్ట్ ప్రైజు వచ్చినంత బాగుంది.

ఇక మా ఇద్దరి మధ్యకి వచ్చిన మూడో మనిషి సంగతి. రెండేళ్ళ కిందట వదిన వాళ్ళ పై వాటాలోకి అద్దెకి దిగింది. జంగారెడ్డిగూడెం వైపు వాళ్ళు, పామాయిల్ తోటలున్నాయి, జీడిపప్పు వ్యాపారం కూడా ఉంది. మనిషి సన్నగా ఉంటుంది, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటుంది, కారు తనే నడుపుతుంది. ఏం మాట్లాడినా “ఫస్ట్ ఆఫ్ ఆల్” అని మొదలుపెడుతుంది. ఫస్ట్ ఆఫ్ ఆల్ ఈ టమాటాలు బాగాలేవండి. ఫస్ట్ ఆఫ్ ఆల్ నాకు కాఫీ అలవాటు లేదండి. ఫస్ట్ చెప్పింది కదా, సెకండ్ ఏంటో చెబుతుందని నేను ఎదురు చూసేదాన్ని. ఇంతవరకూ రాలేదు.

వచ్చిన కొత్తలో నాకూ జీడిపప్పు తెచ్చి ఇచ్చింది. పుచ్చులు ఉంటాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక్కటీ లేదు, చాలా బాగుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. తర్వాత వదినా ఆవిడా పొద్దున్నే గోదావరి గట్టు మీద నడకకి వెళ్ళడం మొదలుపెట్టారు. వదిన నన్నూ రమ్మంది. నాకు మోకాళ్ళ నొప్పులని వదినకి తెలుసు, తెలిసే రమ్మందని నేను అనుకున్నాను. ఇంకో రోజు నా ముందే వదిన “ఫస్ట్ ఆఫ్ ఆల్ ఆ పాలవాడికి చెప్పాలి” అంది. నేను తెచ్చిన మాటకి ఇంకొకావిడ తోక తగిలించింది, అది వదిన నోట్లో ఆడుతోంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

నాది ఓర్వలేనితనమే. ఎవరో కనిపెట్టి చెప్పక్కర్లేదు. మా ఆయన ఒకసారి, “ఆవిడకి ఇద్దరు స్నేహితులుంటే నీకేంటి నష్టం?” అన్నారు. ఎదురుగా ఇంకో స్టీలు కొట్టు పెడితే ఈయనకి తెలిసేది.

ఈ ఎండాకాలం వదిన కూతురికి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది సామర్లకోట. ఆ పిల్లకి అన్నప్రాసన రోజు ఉగ్గుగిన్నె పట్టుకున్నది నేను. పిలుపులకి భరిణ నాదేనని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఇంక అందులో ఏముంది? నీలం అంచు గద్వాల చీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. మోకాలికి పట్టీ కొనుక్కున్నాను. పొద్దుటి పూటలు ఏ పనీ పెట్టుకోకుండా, వంట తెల్లారేసరికి ముగించుకుని కూర్చునేదాన్ని.

ఒక రోజు మా ఆడవాళ్ళ గ్రూపులో శుభలేఖ వచ్చింది. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చింది. సరే, ఫోన్‌లో వచ్చింది పిలుపు కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. మర్నాడు డాబా మీద మిరపకాయలు ఎండేస్తుంటే, వీధి చివర మేడ ముందు ఆ కారు ఆగింది. ఒక వైపు నుంచి వదిన దిగింది. రెండో వైపు నుంచి ఆవిడ దిగింది. ఆవిడ చేతిలో వెండి భరిణ ఎండకి మెరిసింది. అంత దూరం నుంచి నాకు కళ్ళజోడు లేకుండా ఏదీ కనపడదు, అది మాత్రం కనిపించింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. కారు ఉంటే చాలు, భరిణ చేతికి వచ్చేస్తుందన్నమాట. ధవళేశ్వరం, కడియం అన్నీ తిరగాలి, ఎండ మండిపోతోంది, నా మోకాళ్ళు ఈ తిరుగుడికి పనికిరావు, అవన్నీ నాకు తెలుసు. తెలిస్తే మంట తగ్గుతుందా? మోకాళ్ళు నావి. వస్తావా అని అడిగితే రానని చెప్పే హక్కు కూడా నాదే. ఆ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే పట్టీ కట్టుకుని కడియం దాకా నడిచి వెళ్ళేదాన్ని.

వాళ్ళు మా గుమ్మంలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నేను చీర మార్చుకోలేదు, ఇంట్లో కట్టుకునే నేతచీరతోనే వెళ్ళి తలుపు తీశాను. ముందు వదిన, ఒక అడుగు వెనక ఆవిడ, ఆవిడ చేతిలో భరిణ. కారులో ఏసీ కాబట్టి ఇద్దరి మొహాల మీదా చెమట చుక్క లేదు. నేను ఏళ్ళ తరబడి చెంగుతో తుడిచి దాచిన చెమట.

వదిన భరిణలో ఉంగరం వేలు ముంచింది. పొద్దున్నుంచీ ఎన్ని గుమ్మాలు ఎక్కిందో, నోరు దానంతట అదే కదిలింది.

“వదినగారూ, ఫస్ట్ మీ ఇంటికే వచ్చామండి. అమ్మాయి పెళ్ళి. అన్నయ్యగారూ మీరూ పిల్లలూ అందరూ రావాలండి.”

అన్నాక గానీ ఆవిడకి తెలియలేదు. కుంకుమ అంటిన వేలు గాల్లో ఆగిపోయింది. వెనకావిడ నవ్వుతూ నిలబడింది, పాపం ఆవిడకేం తెలుసు. నేను భరిణలోకి చూశాను. వదిన వేలు ఇప్పుడు పెట్టిన గుర్తు ఒక్కటే ఉంది. మిగతాదంతా శుభలేఖ అంచుతో సాపు చేసి ఉంది. వదిన ఆవిడకి అది కూడా నేర్పింది.

వదిన వేలు నా నుదుటికి తగిలింది. నేను శుభలేఖ అందుకున్నాను.

“ఎంత మాటండి. మీరు పిలవకపోతే మాత్రం రామా?” అన్నాను.

ఫస్ట్ అన్న మాట నమ్మినవాళ్ళందరూ మాకు ఇచ్చే జవాబు అది. “మీరేంటే నీ మొహం” అని ఒక్కటేస్తుందేమోనని వదిన చేతి వైపు చూశాను. ఆవిడ చేతులు పమిట సర్దుకున్నాయి. “ఇంకా చాలా ఇళ్ళున్నాయండి” అంది వెనకావిడ. ఇద్దరూ మెట్లు దిగారు. పక్కింటి గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగడం, భరిణ మీదకి శుభలేఖ వంచడం నేను కిటికీలోంచి చూశాను.

సాయంత్రం పక్కింటి టీచరుగారు గోడ దగ్గరకి వచ్చింది. చేతిలో అదే శుభలేఖ ఉంది.

“మీకూ పిలుపు వచ్చిందాండి?” అని అడిగింది.

“ఆయ్, వచ్చింది. ఫస్ట్ మా ఇంటికే వచ్చారండి” అన్నాను.

టీచరుగారి మొహం చిన్నబోయింది. “అదేంటండి, మాతో కూడా అలాగే అన్నారు” అంది.

“మీతో మర్యాదకి అని ఉంటారండి. మాకు నిజంగానే ఫస్ట్” అన్నాను.

ఆవిడ నమ్మింది.