తొట్టెల ఆపిన సిద్దక్క

మా కెంచనగుడ్డలో సిద్దక్క నోటికి జడవనివాళ్ళు లేరు. ఆంధ్రా నుంచి వలసొచ్చి స్థిరపడిన క్యాంపు రైతుల మళ్ళలో నాట్లు వేయడానికి ఇరవై మంది ఆడవాళ్ళను కూడగట్టేది ఆమే. మేస్త్రీలైనా ఆమెతో ఆచితూచి మాట్లాడాల్సిందే. నేను ఆ ఊరి ఆశా కార్యకర్తను, పేరు రోహిణి. మాత్రలు పంచుతానని, నన్ను చూస్తే చాలు, గోలీలమ్మ వచ్చిందంటూ వెక్కిరించేది. నిజం చెబుతాను, నాకు ఒళ్ళు మండేది.

ఆమె కూతురు రేణుకకు నిరుడు పన్ను పీకిస్తే రెండు రోజులు నెత్తురు ఆగలేదు. నెలనెలా బయట చేరినప్పుడూ అంతే. ఇంట్లోవాళ్ళు వేడి శరీరమని మజ్జిగ తాగించి ఊరుకునేవారు. ఆ పిల్ల మూడో నెల కడుపుతో ఉండగా నేనే పోట్లాడి బళ్ళారి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం పుట్టుకతోనే తక్కువని పరీక్షలో తేలింది. తల్లికీ చేస్తే ఆమెలోనూ అదే. తిరుగు బస్సులో సిద్దక్క దారి పొడుగునా కూతురి చెయ్యి పట్టుకునే కూర్చుంది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పురుడు ఆసుపత్రిలోనే, మందూ రక్తమూ సిద్ధంగా పెట్టుకుని జరగాలి. కడుపుతో ఉన్నప్పుడు ఆ పదార్థం కాస్త పెరిగినా, బిడ్డ పుట్టాక మళ్ళీ దిగిపోతుంది. కాబట్టి ఇంటికి వెళ్ళాక కూడా మూడు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. గంటకో బట్ట తడిస్తే ఇక ఆలోచించకుండా బయల్దేరాలి.

పురుడు చల్లగా జరిగింది. ఆడపిల్ల. ఐదో రోజు తల్లీబిడ్డా పుట్టింటికి వచ్చారు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

పదకొండో రోజు తొట్టెల, బిడ్డను ఊయల్లో వేసే వేడుక. అల్లుడు సిద్దేశ్ కుడతిని పవర్‌ప్లాంటులో పనిచేస్తాడు. అతను, అతని తల్లి కొట్రమ్మ, చుట్టాలూ రెండు కార్లలో దిగారు. నేను తొట్టెలకు పూలు కడుతుండగా సిద్దక్క లోపలి నుంచి వచ్చి, పొద్దుటి నుంచీ రేణుకకు బట్టలు తడుస్తూనే ఉన్నాయని చెప్పింది. బాలింతకు చెడ్డ రక్తం ఎంత పోతే అంత మంచిదని కొట్రమ్మ తేల్చేసింది. ముసలమ్మలంతా తలలూపారు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. పళ్ళెంలో ఓళిగ, అదే బొబ్బట్టు, వడ్డించి ఉంది. బిడ్డను తొట్టెల్లో వేసి, అందరూ రెండు మెతుకులు తిన్నాక వెళదాంలే అన్నాను. మూడేళ్ళుగా ఊరంతటికీ నీతులు చెప్పిన నేను!

సిద్దక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆమె గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

"మా చెల్లెలు బాలింతప్పుడూ ఇట్లే అన్నారు వదినా. సెడ్డ రగతం పోతాండాది, పోనీ అన్నారు. ఆ బట్టలు నేనే ఉతికినా. నాలుగోనాటికి అది లేదు."

సిద్దక్క తొట్టెలకు కట్టిన తాడు విప్పేసి, బిడ్డను ఒక చంకనేసుకుని, రెండో చేత్తో కూతుర్ని లేపింది. కారు తియ్యమని అల్లుడికి చెప్పింది. నన్నూ ఎక్కమంది.

దారిలో రేణుక చేతులు చల్లబడ్డాయి. కళ్ళు మూతలు పడుతుంటే సిద్దక్క ఆమె చెంపలు తడుతూ, నాట్లలో ఆడవాళ్ళను తిట్టినట్టు తిడుతూనే ఉంది. నేను ముందుగానే ఫోన్ చేసి చెప్పడంతో ఆసుపత్రివాళ్ళు మందు సిద్ధం చేసి ఉంచారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. మర్నాటికి నెత్తురు ఆగింది. రేణుక తనంతట తాను అడిగి గంజి తాగింది.

తొట్టెల మధ్యలోనే లేచి వచ్చామని అల్లుడు చెప్పగా విని డాక్టరమ్మ నా భుజం తట్టింది. భోజనాలయ్యేదాకా ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదనీ, ఆశా కార్యకర్త అంటే ఇట్లా ఉండాలనీ అంది. సిద్దక్క అక్కడే ఉంది. నిజం చెప్పి నా పరువు తీయవచ్చు. తలవంచుకుని బిడ్డ గుడ్డ సర్దుతూ ఉండిపోయింది.

నాకే ప్రాణం ఒప్పలేదు. ఆగుదామన్నది నేనేననీ, లేవదీసింది సిద్దక్కేననీ చెప్పేశాను.

సిద్దక్క నా వైపు తిరిగింది.

"మొదట ఈడికి పిల్చుకొచ్చింది నువ్వే గదమ్మా. నువ్వు లేకుంటే ఈసారీ బట్టలు ఉతుక్కుంటా కూసోని ఉంటి."

నేను తట్టుకోలేకపోయాను. వార్డులో అందరూ చూస్తుండగా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.