గిర్ని దగ్గర దొరికిన తాళం

పోయిన వారం కామారెడ్డిలో కంటి దవాఖానకు వెళ్లాను. మన వయసువాళ్లకు వివరించి చెప్పేదేముంది, ఒక కంట్లో శుక్లం, ఇంకో కంట్లో అనుమానం. చేతిలో నలభై మూడో నంబరు చీటీ పెట్టి, కళ్లలో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. గోడకు ఒక పెట్టె, అందులో ఎర్రటి అంకెలు. టింగుమని మోగినప్పుడల్లా అంకె మారుతుంది, హాల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారే తలెత్తి చూస్తారు, ఒక్కరు లేచి లోపలికి పోతారు, మిగిలినవాళ్లు తలలు దించుకొని మళ్లీ టింగు కోసం చెవులు రిక్కిస్తారు. పైగా చుక్కలు వేసిన కళ్లకు అక్కడేదో ఎర్రగా అలుక్కుపోయినట్టు కనబడుతుందే తప్ప అది ఏ అంకో తెలిసి చావదు. చూపు ఆననివాళ్లనందరినీ పట్టి ఒక్క అంకెకేసి చూస్తూ కూర్చోమన్న ఆ తెలివికి నాకు ఫక్కున నవ్వొచ్చింది. రామారెడ్డి ఊరి నుంచి వచ్చి పక్కన కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఇదే జబ్బుతో నేను వయసులో ఉన్నప్పుడు ఏడాదిపాటు కుస్తీ పట్టానని, పట్టి గెలిచానని ఆమెకేం తెలుసు!

అప్పట్లో నేను హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మొదట పుస్తకాలు టైపు చేసే సెక్షనులో చేరి, పక్క గదిలోవాళ్లు రాసే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టీ పట్టీ, చివరికి వాళ్ల మధ్యే ఒక కుర్చీ సంపాదించుకున్నాను. మా ఊరు ఎల్లారెడ్డి యాస మాట్లాడే ఆడపిల్లకు ఆ కుర్చీ ఊరికే రాలేదని మీకు వేరే చెప్పక్కర్లేదు. మేం నలుగురం కలిసి కెర్నెల్ రాసేవాళ్లం. కంప్యూటరు లోపల అందరికీ పని పంచి, అందరి మీదా అజమాయిషీ చేసే ప్రోగ్రాము అది. ఆ ఏడాది మా కంపెనీ ఒకే మిషనులో ఎనిమిది ప్రాసెసర్లు పెట్టింది. ఎనిమిది మంది కూలీలు ఒక చేలో దిగినట్టన్నమాట. కానీ కొన్ని పనులు ఒకరు చేస్తుంటే మరొకరు చెయ్యి పెట్టకూడదు, పెడితే లోపలి జాబితాలన్నీ చిందరవందరైపోతాయి. అందుకని ఆ పనికి ఒక తాళం ఉంటుంది. తాళం ఎవరి చేతిలో ఉంటే వారిదే పని, మిగతావాళ్లు ఆగాలి.

చిక్కంతా ఆ ఆగడంలోనే వచ్చింది. తాళం ఖాళీ అయిందా లేదా అని ఏడు ప్రాసెసర్లూ ఒకే చోటును మాటిమాటికీ తొంగిచూసేవి. ఆ తొక్కిసలాటలో అసలు పని చేసేదానికి దారే దొరికేది కాదు. నాలుగు పెడితే పరుగెత్తిన మిషను ఎనిమిది పెట్టేసరికి కుంటేది. పెద్దసారు మమ్మల్ని పిలిచి, కొనేవాళ్లు చూడడానికి వచ్చే రోజుకు ఎనిమిదీ సరిగ్గా పనిచేయకపోతే మన కెర్నెల్‌ను పక్కన పడేసి విదేశీది కొంటామని తేల్చి చెప్పారు. తాళాల పని నాది. నెగ్గకపోతే నేను మళ్లీ టైపు సెక్షనుకే పోవాలి. నాకు నిద్రాహారాలు లేవంటే అతిశయోక్తి కాదు.

తల వేడెక్కి రెండు రోజులు సెలవు పెట్టి ఊరికొచ్చాను. కామారెడ్డిలో రైలు దిగి, బస్సులో నిలబడి ఎల్లారెడ్డి చేరేసరికి, మా అవ్వ, కన్నతల్లిని మేం అవ్వ అనే పిలిచేవాళ్లం, ఉద్యోగస్తురాలినన్న మర్యాదైనా లేకుండా జొన్నల డబ్బా నెత్తినపెట్టి గిర్నికి తోలింది. మా గల్లీ పిండి గిర్ని వరుసకు పెద్దబాపు, అంటే పెదనాన్న, అయ్యే ఆయనది. ఆ చప్పుడులో, ఆ పిండి దుమ్ములో ఎవరూ నిలబడేవాళ్లు కాదు. డబ్బా పెట్టి, ఆఖరు ఎవరని పెద్దబాపును అడగాలి. ఆయన ఒక పేరు చెప్పి, ఇక నుంచి మనల్ని ఆఖరుగా గుర్తుపెట్టుకుంటాడు. మనం ఆమె ఇంటికి పోయి "నీ ఎన్క నేను" అని చెప్పి, మన ఇంటికి వచ్చి మన పని చూసుకోవాలి. ఆమె వంతు అయిపోగానే పోతూ పోతూ మనల్ని పిలుస్తుంది. మన పిండి అయ్యాక మన వెనకామెను మనం పిలుస్తాం. గిర్ని దగ్గర గుంపు లేదు, తోపులాట లేదు, వంతు తప్పిందన్న మాట లేదు.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఆ రోజు మాత్రం ఖాళీగా ఉన్న గిర్ని అరుగును చూస్తూ కొయ్యబారి నిలబడ్డాను. అందరూ వచ్చి తాళాన్నే చూడడం ఎందుకు? ఎవరి ఇంట్లో వాళ్లుంటే ముందున్నామె వచ్చి పిలుస్తుంది కదా! అవ్వ ఎంత బతిమాలినా రెండో రోజు ఆగకుండా బస్సెక్కాను.

వారం తిరక్కుండా రాసేశాను. ఒక్కో ప్రాసెసరుకు ఒక్కో సొంత చీటీ, దాని మీదే దాని చూపు. ఆఖరు ఎవరో ఒక్కచోట రాసి ఉంటుంది, వచ్చినది ఆ పేరు తీసుకొని తన పేరు పెట్టి, ముందున్నదాని చీటీ మీద నీ వెనక నేను అని రాస్తుంది. పని అయినది తన వెనకదాని చీటీ మార్చి పోతుంది. మిషను గుర్రంలా దౌడు తీసింది. మా సీనియర్ అన్న మిఠాయి కూడా తెప్పించాడు.

మిఠాయి అరగకముందే మిషను కొయ్యబారింది. రోజుకొక్కసారి, ఎప్పుడో తెలియదు, ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. నాలుగు రోజులు వెతికినా కారణం దొరకలేదు. కొనేవాళ్లు వచ్చే గడువు ముంచుకొచ్చింది, సీనియర్ అన్న పాత తాళమే పెట్టేద్దామన్నాడు. నేను బిగుసుకుపోయిన మిషను లోపల ఏముందో అచ్చు తీసి చూస్తే, తాళం ఎవరి చేతిలోనూ లేదు, అయినా ఒక ప్రాసెసరు పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉంది. గిర్ని ఖాళీ, డబ్బా మాత్రం ఎదురుచూస్తోంది!

అప్పుడు చప్పున గుర్తొచ్చింది, తొమ్మిదేళ్లప్పుడు నేను చేసిన ఘనకార్యం. ఆఖరు మీ చిన్నమ్మేనని పెద్దబాపు చెప్పగానే ఆమె ఇంటికి పోవాల్సినదాన్ని, దారిలో రేగుచెట్టు దగ్గర ఆగిపోయాను. ఈలోపు చిన్నమ్మ పిండి అయిపోయింది, తన వెనక ఎవరూ చెప్పలేదు కదా అని ఇంటికొచ్చి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను తీరిగ్గా వచ్చి గడప బయటి నుంచే నీ ఎన్క మేమని అరిచి, బదులైనా వినకుండా ఉరికాను. ఇక చూడండి, చిన్నమ్మ పిలుపు కోసం అవ్వ ఇంట్లో, అవ్వ వెనక ఒకరి తర్వాత ఒకరుగా ఇంకో ముగ్గురు వాళ్ల ఇండ్లలో, ఎవరి డబ్బా వాళ్లు రానిదే ముట్టని పెద్దబాపు గిర్నిలో బీడీ కాల్చుకుంటూ. సాయంత్రానికి కరెంటు పోయింది, గల్లీలో నాలుగిళ్లకు ఆ పూట రొట్టెల్లేవు. నా వీపు విమానం మోత మోగించాక అవ్వ చిన్నమ్మ మీద పడింది.

"పొయ్యేముందు బావను అడగాలె గద చెల్లె! నీ పేరే ఆఖరైతె పో, ఎవలన్న నీ పేరు అడిగిపోయిన్రంటె ఆళ్లు వచ్చి చెప్పేదాంక ఆగాలె."

అప్పటి నుంచి మా గల్లీలో అదే కట్టుబాటు. నా తాళంలో లేనిది సరిగ్గా అదే. పని అయిన ప్రాసెసరు తన చీటీ ఖాళీగా ఉందని వెళ్లిపోతోంది, అప్పటికే దాని పేరు అడిగి ఇంకొకటి బయలుదేరిందని దానికి తెలియదు. పోయేముందు ఆఖరు పేరు తనదేనా అని అడగడం, కాకపోతే వచ్చేదాని కోసం ఆగడం, ఈ రెండూ చేర్చాను. మిషను ఆ రోజు ఆగలేదు, మర్నాడు ఆగలేదు, కొనేవాళ్ల ముందు ఎనిమిదికి ఎనిమిదీ పోటీపడి పరుగెత్తుతుంటే పెద్దసారు ముఖం చూడాలి మీరు! వాళ్లు కొన్నారు, మా కెర్నెల్ నిలిచింది, నా కుర్చీ నాకే మిగిలింది. ఆఫీసులో అందరూ దాన్ని గిర్ని తాళం అనేవాళ్లు. ఇలాంటి దారిని వేరే దేశాల్లో పెద్దలు కూడా పట్టుకున్నారని తర్వాత చదివాను. చదివినా నా గర్వం రవ్వంత కూడా తగ్గలేదు. వాళ్లకు మా అవ్వ లేదు కదా.

అవ్వకు అంతా విడమర్చి చెబితే శ్రద్ధగా విని, "గిదానికి గింత సదువు గావాల్నా బిడ్డా?" అంది. నాకొచ్చిన మెప్పులన్నిట్లో అదే గొప్పదని ఇప్పటికీ అంటాను.

ఇప్పుడు ఆ గిర్ని లేదు, పిండి సంచుల్లో అమ్ముతున్నారు. నా చేతిసంచిలోని ఫోనులో ఎనిమిది ప్రాసెసర్లున్నాయట, అవి తగువు లేకుండా వంతులు పంచుకుంటుంటాయి. మనుషులం మాత్రం ముందెవరో వెనకెవరో తెలియకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాం. ఆ మాట తలచుకుంటే గెలిచిన సంతోషం మీద కూడా కొంచెం దిగులు కమ్ముతుంది.

ముసలమ్మను నంబరెంతని అడిగాను, నలభై నాలుగట. డాక్టరు దగ్గరి నుంచి బయటికి రాగానే తిన్నగా ఆమె దగ్గరికి పోయి, "అవ్వా, ఇగ నీదే, లే" అన్నాను. ఆమె నా భుజం పట్టుకొని లేచింది. రెండడుగులు వేసి ఆగి, ఆ బెంచీల వైపు తిరిగి, హాలంతా వినబడేలా అడిగింది.

"నా ఎన్క ఎవరుల్లా?"