వీలైతే

ఆ చిన్న దీవి పర్యావరణ మంత్రిని తోటి దేశాల మంత్రులు టీచరమ్మ అంటారు. ఏ కాగితమైనా వేలు పెట్టి అక్షరం అక్షరం చదవందే ఆవిడ సంతకం చేయదు. మోకాళ్ల నొప్పికి చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని మరీ చదువుతుంది. ఈసారి వాతావరణ ఒప్పందంలో ‘పొగ తగ్గిస్తాం’ అన్న మాట ముందు ఎవరో ‘వీలైతే’ అని చేర్చారు. మంత్రులందరూ గ్రూప్ ఫొటోకి లేచారు. ఆవిడ లేవలేదు.

“రండి టీచరమ్మా, అందరూ మీకోసమే చూస్తున్నారు,” అని సదస్సు అధ్యక్షుడు బతిమాలాడు.

“చూడనివ్వండి బాబూ. ఆ ‘వీలైతే’ కొట్టేసేదాకా నేను కదలను. సముద్రం మా ఇళ్లలోకి మా వీలు చూసుకునే వస్తోందా?”

ఆవిడ లేకుండానే ఫొటో తీయబోయారు. ఇంతలో వరసలోంచి ఒక మంత్రి దిగొచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ వెనకే మరో ఇద్దరు వచ్చారు. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

“సరే, ఆ మాట మీద మళ్లీ చర్చకు కూర్చుందాం పదండి,” అన్నాడు అధ్యక్షుడు నీరసంగా.

టీచరమ్మ అప్పటికే కళ్లద్దాలు తుడుచుకుంటోంది.