ఊ కొట్టినంతసేపూ

కరోనా మొదలైన ఏడాది నేను షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. ఇల్లు తుడిచి గిన్నెలు తోమే పని ఒక కడప పిల్లది. వంటింటి పక్కనే ఇద్దరికీ ఒకటే గది. ఆ పిల్లకి జ్వరం వచ్చి, పరీక్షలో అదేనని తేలేసరికి మేడం నన్ను బయటికి రప్పించి తలుపు వేయించింది. "దర్వాజా మత్ ఖోలో" అని, తలుపు తియ్యడానికి వీల్లేదని వేలు చూపించి మరీ చెప్పింది. చెడ్డమనిషి కాదు, భయపడింది. నేను మాత్రం భయపడలేదా? గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టి వెనక్కి గెంతేదాన్ని.

మర్నాడు సాయంత్రం లోపల ఏడుపు వినపడింది.

"అక్కా, ఈడ ఒంటిగా సచ్చిపోతే నీగ్గూడా తెలీదు గదా!"

"నోర్ముయ్! జ్వరం వచ్చినోళ్ళందరూ పోతన్నారేంటి?"

"అయితే ఏదన్నా కత చెప్పు. నేను ఊ కొడతా వుంటా. ఊ అనేది ఆగిపోతే తలుపు తియ్యాల. తీస్తావా?"

తీస్తానన్నాను. అనేశాక తలుపు వంక చూశాను. ఉద్యోగం పోతే? నాకూ అంటుకుంటే?

నాకు మొత్తం వచ్చిన కథ ఒకటే. మా నాన్న పార్టీ సభల్లో బుర్రకథకి వంత పాడేవాడు. రష్యాలో జారు చక్రవర్తిని దించి కూలీల రాజ్యం పెట్టిన నాయకుడి కథ ఆయనకి కంఠతా వచ్చు. చిన్నప్పుడు మమ్మల్ని నిద్రపుచ్చిందీ దాంతోనే. వెల్లుల్లి ఒలుస్తూ మొదలుపెట్టాను. ఆ నాయకుడి అన్నని జారు ఉరి తీయించడం, తమ్ముడైన ఈయన పుస్తకాలు పట్టుకుని పంతం పట్టడం, జైలుకెళ్ళడం. అక్కడ రొట్టెముద్దని గుంటలా చేసి, పాలు పోసి, ఆ పాలతో రహస్యంగా రాసేవాడు. కాపలావాడు వస్తే ఆ సిరాబుడ్డిని గుటుక్కున మింగేవాడు.

"సిరాబుడ్డి మింగినాడా! ఊ, ఊ!" లోపల దగ్గుతోపాటు నవ్వు వినపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మేడం తొంగిచూసి "క్యా కహానీ?" అంది. "రాజా కీ కహానీ, మేడం" అన్నాను. రాజుని దించిన కథని ఆ దేశంలో ఎలా చెప్పను?

ఎర్రజెండా ఎగరగానే నాన్న కథ ముగించేవాడు. నేనూ అక్కడే ఆపాను. ఆ పిల్ల ఊరుకుంటేగా!

"కూలోళ్ళ రాజ్యం వచ్చినాక ఆయప్ప ఇంట్లో గిన్నెలు ఎవురు తోమినారక్కా?"

"ఇంత పెద్ద కథ చెప్తే నీకు గిన్నెలు కావాల్సొచ్చాయా?" అని కసిరాను. కానీ ఆ గిన్నెల సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు.

"సరే, గెలిచినాక ఏం చేసినాడు?"

సభల్లో చెప్పని ఆ సంగతులు నాన్న ఇంట్లో, మేం గుచ్చి గుచ్చి అడిగితే, గొంతు తగ్గించి చెప్పేవాడు. నాయకుడు దొరల భూములు రైతులకన్నాడు, జర్మనీతో యుద్ధం ఆపాడు. ఆ తర్వాత దేశంలోనే జనం ఒకరినొకరు చంపుకున్నారు. కరువొచ్చి పిట్టల్లా రాలిపోయారు. ఎదురు మాట్లాడినవాళ్ళని జైల్లో పెట్టించాడు, కాల్పించాడు.

"జైల్లో మగ్గినోడేనా? థూ!" అంది. కాసేపటికి తనే "ఊ, చెప్పు" అంది.

చెప్పాను. ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. అంత దేశాన్ని కదిపిన గొంతులోంచి ఒకటో రెండో ముక్కలు తప్ప రాలేదు. భార్య పక్కన కూర్చుని పసివాడికి నేర్పినట్టు మాటలు పలికించింది, అక్షరాలు దిద్దించింది.

ఊ రాలేదు.

"ఏమే!" అని పిలిచాను. తలుపు బాదాను. పలకలేదు. అప్పుడు ఉద్యోగమూ గుర్తురాలేదు, రోగమూ గుర్తురాలేదు. తలుపు తోసుకుని లోపలికెళ్ళాను.

గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. నుదురు ముట్టుకుంటే చల్లగా తగిలింది. జ్వరం దిగిపోయింది.

"ఊ కొట్టవేమే, దొంగమొహమా!"

"ఆయమ్మ అచ్చరాలు దిద్దిస్తా వుంటే ఏడుపొచ్చిందక్కా. గొంతు పెగల్లా."

ఇద్దరం ఏడ్చాం. వెనక్కి తిరిగితే గుమ్మంలో మేడం. నా పని ఖలాస్ అనుకున్నాను. ఆవిడ దూరంగా నిలబడే "బుఖార్?" అంది. "గయా, మేడం" అన్నాను. "అల్‌హమ్‌దులిల్లాహ్" అని దేవుణ్ణి తలుచుకుంది. ఆ వెంటనే "తుమ్ భీ అందర్ రహో" అని తలుపు వేసేసింది. ముట్టుకున్నాను కదా, ఇక నేనూ లోపలే.

ఆ పూట మేడమే మా గుమ్మం దగ్గర రెండు పళ్ళేలు పెట్టింది. అన్నం ముద్దగా అయింది, ఉప్పు మరిచిపోయింది. ఇద్దరం లొట్టలేసుకుంటూ తిన్నాం. కాసేపటికి వంటింట్లో కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు, ఏదో భళ్ళున పగిలిన చప్పుడు, అరబ్బీలో విసుగు.

కడప పిల్ల నా మోచేయి పొడిచి, గోడకి చెవి ఆనించింది. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"అక్కా, ఇంటాండావా?"

"ఊ," అన్నాను.