పాలు తాగే పిల్ల

మస్కట్‌లో డాల్ఫిన్లను చూపించే పడవ ఎక్కినప్పుడు, పక్క సీట్లోంచి మన మాట వినబడుతుందని నేననుకోలేదు. ఆమెది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి, నాది జగిత్యాల. బిడ్డ కాన్పుకని వచ్చిందట.

"మనుమరాలు పుట్టి నెల కాలే. పసిపిల్లను ఇంకా ఎవ్వరికీ సూపెట్టలే. ఇంట్లనే ఉంటనంటే ఇనకుంట పడవెక్కిచ్చిండు," అంటూ ముందు సీట్లో ఉన్న అల్లుణ్ణి చూపించింది.

చాలాసేపు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఇక వెనక్కి తిప్పుతానని పడవ నడిపేవాడు అంటుండగా దగ్గర్లోనే ఓ నల్లటి వీపు లేచింది. దాన్ని ఆనుకుని ఇంకో చిన్నది. తల్లీ పిల్లా అనీ, ఇంకా పాలు తాగే పిల్లేననీ అతను హిందీలో చెప్పాడు. అందరం ఫోన్లు ఎత్తాం.

ఆమె మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, నా మోచేయి పట్టి గుంజింది.

"పాలు తాగే పిల్లను గట్ల గుడ్లప్పగిచ్చి సూస్తరా తమ్మీ? దిష్టి తాకుతది. ఫోన్ దించు."

"సూసెటానికే గదా అక్కా అచ్చింది?"

"గింతమంది ఒక్కపారే సూస్తే ఆ తల్లికి పాలు పడ్తయా?"

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అంత దూరం వెళ్ళి, అంతసేపు ఎదురుచూసి, ఫోన్ ఎందుకు దించానో ఇప్పటికీ అర్థం కాదు.

కాసేపటికి కొంగు చాటునుంచే అడిగింది.

"పోయినయా తమ్మీ?"

"ఏమో అక్కా, నేను గూడ సూస్తలేను."