మల్లేశ్ ప్రోగ్రాంలో నేను చెప్పని తప్పు

ఇది దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పలేదు. మోయడం అలవాటైపోయిందనుకున్నాను. కాలేదు. ఈ మధ్య మరీ అలసిపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో నేనొక ప్రభుత్వ సంస్థలో ప్రోగ్రామర్‌ని. బహదూర్‌పురా నుంచి బస్సులో వెళ్లేదాన్ని. మా సెక్షన్‌లో మల్లేశ్ అనే డేటా ఎంట్రీ ఆపరేటర్ ఉండేవాడు. లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసుకునే ఇంటి పిల్లవాడు. ఏ కోర్సూ చేయలేదు. లంచ్ టైములో మాన్యువల్ ముందేసుకుని, తనంతట తానే బేసిక్ భాషలో ప్రోగ్రాంలు రాయడం నేర్చుకున్నాడు.

ఒకరోజు నా ప్రోగ్రాంలో తప్పు పట్టుకున్నాడు. మర్యాదగానే చెప్పాడు. కానీ ఆఫీసరు అక్కడే ఉన్నాడు. "క్లాసులు చదివినామెకు దొరకలే, గీనికి దొరికింది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మల్లేశ్ వాళ్ల బాపుకు బర్రెల వైద్యం తెలుసు. ఏ రోగానికి ఏ ఆకు, ఎంత మోతాదు, అంతా నోటిమీదే ఉండేది. ఆయన మంచం పట్టాక మల్లేశ్ పక్కన కూర్చుని అడిగి, చిట్టీల మీద రాసుకుని, మర్నాడు ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించేవాడు. ఆ వివరాలు దాచుకోవడానికి ప్రోగ్రాం తనే రాసుకున్నాడు. దాన్ని ప్రింటు తీసి నా టేబుల్ మీద పెట్టాడు.

"అక్కా, జర చూడు. తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పు."

చూశాను. కొత్త వివరం ఎక్కించిన ప్రతిసారీ అది ముందు పాత ఫైలును తుడిచేసి, తర్వాత మొత్తం మళ్లీ రాస్తోంది. మధ్యలో కరెంటు పోతే పాతదీ మిగలదు, కొత్తదీ మిగలదు. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పాతది తీసేస్తే సరిపోయేది. నాలుగు లైన్ల పని.

ఎర్ర పెన్నుతో చాలా రాశాను. ఈ పేరు అర్థం కావట్లేదు, మార్చు. ఇక్కడ వివరణ రాయి. ఈ రెండు లైన్లు ఒకటి చెయ్యొచ్చు. అన్నీ నిజమైన సలహాలే. ఆ ఒక్క లైను దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. పేజీ తిప్పేశాను.

"మస్తుగ రాసినవ్" అన్నాను. ఎంత సంబరపడ్డాడో.

కొన్ని నెలలకు వాళ్ల బాపు పోయాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మల్లేశ్ మిగిలిన చిట్టీలు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక ఫైలు తెరిస్తే ఏమీ లేదు. ఇంకో కాపీ లేదు. ఎక్కించిన చిట్టీలు ఎప్పటికప్పుడు పారేసేవాడు, మిషన్‌లో భద్రంగా ఉన్నాయి కదా అని. అతను కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నువ్వు చెప్పినయన్నీ సరిజేసిననక్కా" అన్నాడు. "నాదే ఏదో గల్తీ అయింది. మా బాపు మాటలన్నీ పోయినయ్."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? "ఫికర్ చేయకు, కరెంటుకు ఎవరేం చేస్తరు" అన్నాను.

మల్లేశ్ మళ్లీ ప్రోగ్రాం రాయలేదు. హడావిడిలో గమనించలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అసూయ అనే మాట ఒప్పుకోవడం కంటే అదే సులువు. ఒక కుర్రవాడు తండ్రి మాటల్ని తెచ్చి నా చేతిలో పెడితే, నేను చూసుకున్నది ఆ రోజు నవ్విన వాళ్ల మొహాలు.

నిరుడు ఒక పెళ్లిలో కనిపించాడు. తల నెరిసింది. భార్యను పిలిచి నన్ను చూపించాడు. "నా ప్రోగ్రాం లైను లైను దిద్దిన అక్క ఈమెనే" అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. అప్పుడూ చెప్పలేదు.

ఇంక చెబుతానన్న నమ్మకం కూడా లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. నేను చూశాను. చూసి, చెప్పకుండా ఊరుకున్నాను. ఇదొక్కటి ఎక్కడో ఒకచోట రాయాలనిపించింది. రాశాను.